దీవి కారు కింద నిమ్మకాయలు

దొరస్వామి పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూసినవాడు కాదు. అయినా ఆ రాత్రి కార్వేటినగరంలో నడవలో కూర్చుని, ఫోన్లోని అండమాన్ మ్యాపు మీద వేలితోనే, చుక్క పెట్రోలు ఖర్చు లేకుండా దీవిని మూడుసార్లు చుట్టేశాడు. ఎల్లుండే భార్య చంద్రకాంతమ్మతో విమానం ఎక్కాలి. దిగగానే బాడుగ కారు.

"బాడుగ కారైతే మాత్రం నిమ్మకాయలు తొక్కించకుండా ఎక్కుతానా? మన చెట్టువే ఎత్తుకపోదాం" అని చంద్రకాంతమ్మ టార్చిలైటు తీసుకుని పెరట్లోకి పోయింది.

అంతలోనే కారు ఓనరు వీడియో కాల్ చేశాడు. ఉండేది అండమాన్‌లో అయినా పుట్టింది చిత్తూరే.

"సూడన్నా నీ కారు. కడిగి పెట్టినా."

తెల్ల కారు. దాని వెనక చీకట్లో అలల చప్పుడు. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు, తొడిమకు ఆకుతో సహా. చంద్రకాంతమ్మ ఎప్పుడూ ఆకుతోనే కోస్తుంది.

"నిమ్మకాయలు ఎవురు పెట్టినారప్పా?"

"ఇంగెవురన్నా, వదినే! ఇప్పుడే పెట్టి, లోపల కూసోనుండాది."

"ఎగతాళికి హద్దుండల్లప్పా" అని దొరస్వామి నవ్వబోయాడు. అప్పుడు గమనించాడు, పెరట్లో కొమ్మల అలికిడి లేదు. వెనక తలుపులోంచి తొంగి చూస్తే, నిమ్మచెట్టు కింద టార్చిలైటు ఒక్కటే నేల మీద పడి వెలుగుతోంది.

"మే! యాడుండావు?" అని చీకట్లోకి కేక వేశాడు.

"ఈడే కదయ్యా, అరవాకు. నీ కోసరం ఎంతసేపు? వచ్చి ఎక్కు" అంది చంద్రకాంతమ్మ.

ఆ మాట ఫోన్లోంచి వచ్చింది, అలల చప్పుడుతో కలిసి.