వెంట్రుకవాసి పల్లం

షెడ్డు గుమ్మానికి "ముట్టుకోరాదు" అని బోర్డు కట్టడమొక్కటే తక్కువ.

రెండు తలుపుల ఆ ఎర్ర కారు ఇంజను విప్పిన దగ్గర్నుంచీ మేస్త్రీ ఎవర్నీ దాని దరిదాపులకు రానివ్వడం లేదు.

ముప్పై అయిదేళ్లనాటి పందెపు కారది. ఇంజనుకీ, దాని మీద కూర్చునే హెడ్డుకీ మధ్య ఉండే గ్యాస్కెట్ కాలిపోయింది. నీళ్లు ఇంజనాయిల్లో కలిసి పాల టీలా తయారైంది. నాలుగు షెడ్లవాళ్లు మా వల్ల కాదని చేతులెత్తేస్తే, మేస్త్రీ మాత్రం రొమ్ము విరుచుకుని నేను చేస్తానన్నాడు. మరి ఊరంతా ఇంజన్ల డాక్టరని పిలుస్తుంటే, కాదని ఎలా అంటాడు!

కారు యజమాని కోరింది ఒక్కటే. ఒకప్పుడు ఆ కారుతో పందేలు గెలిచిన వాళ్ల నాన్న ఇప్పుడు మంచాన పడ్డాడు. నెలాఖరు దాటడం కష్టమన్నారు. పోయేలోగా ఆ ఇంజను చప్పుడు ఒక్కసారి వినాలని ఆయన ఆశ.

విప్పడమైతే విప్పాడు గానీ, కొత్త గ్యాస్కెట్ ఎక్కడా దొరకలేదు. కంపెనీ వాటి తయారీ మానేసి ఇరవై ఏళ్లయిందట. పది రోజులు ఫోన్ల మీద ఫోన్లు చేయగా, ఎక్కడో దూరాన ఉన్న పాత సామాన్ల వ్యాపారి ఒకాయన చల్లని మాట చెప్పాడు. రాగిరేకుని చేత్తో కోసి, ఆ ఇంజనుకి గ్యాస్కెట్ చేసే మనిషి ఇంకా ఒకే ఒక్కడున్నాడట. ఆయనకి కబురు పెడతానన్నాడు.

"కాకపోతే మేస్త్రీ, ఆయన పద్ధతి ఏంటంటే..."

"పద్ధతులు నాకు చెప్పకండి. సరుకు పంపండి చాలు," అని మేస్త్రీ ఫోను పెట్టేశాడు.

ఈలోగా షెడ్డుకి జనం తాకిడి ఎక్కువైంది. పనీపాటా లేని ప్రతివాడూ హెడ్డు చూసిపోదామని రావడం, తలా ఒక సలహా పారేసి పోవడం. రిటైరైన గుమాస్తా బోల్టులకి ఆముదం రాయమన్నాడు. ఎదురు కొట్టు టైలరు మైనం పెడితే సరిపోదా అన్నాడు. మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

సరిగ్గా అలాంటప్పుడే, సోమవారం పొద్దున, ఒక ముసలాయన వచ్చాడు. నల్లకళ్లద్దాలు, చంకలో సంచి, మాసిన ప్యాంటు.

"ఎవరు కావాలి?" అన్నాడు మేస్త్రీ, తలెత్తకుండానే.

"హెడ్డు చూడ్డానికొచ్చాను నాయనా."

ఇంకా ఊళ్లో ఎవరైనా మిగిలారా, లేక ఈయనతో సరా అన్నాడు మేస్త్రీ. పక్కనే పనిచేసుకుంటున్న బామ్మర్ది కిసుక్కున నవ్వాడు.

మేస్త్రీ లోపలికెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేసరికి ముసలాయన బల్ల దగ్గరున్నాడు. పెట్రోలుతో తుడిచి దాచిపెట్టుకున్న హెడ్డు మీది గుడ్డ తీసేసి, పది వేళ్లూ ఆనించి, పసిపిల్ల వీపు నిమిరినట్టు నిమురుతున్నాడు.

మేస్త్రీ రింగు స్పానరందుకుని ఆ వేళ్ల మీద ఒక్కటి వేశాడు.

ముసలాయన అరవలేదు. గోరు చిట్లిన చూపుడువేలు నోట్లో పెట్టుకున్నాడు.

"మధ్యలో వెంట్రుకవాసి పల్లముంది నాయనా. చదును చేయించకపోతే ఏ గ్యాస్కెట్ వేసినా మళ్లీ కాలిపోతుంది. నేను..."

"ఎదురుగా ఉన్న మనిషి కనిపించడు గానీ వెంట్రుకలు కొలుస్తాడట! నోరు మూసుకుని నడు."

పోన్లే బావా, పెద్దాయన, అని బామ్మర్ది సర్దబోయాడు. మేస్త్రీ వినలేదు. ముసలాయన చంకలోని సంచి లాగి రోడ్డు మీదికి విసిరాడు. లోపల ఏదో గలగలమంది. పాత ఇనుము ఏరుకునే బతుక్కి ఇంజను సలహాలొకటా అన్నాడు.

ముసలాయన వంగి, రోడ్డంతా తడుముకుంటూ సంచి వెతుక్కున్నాడు. నెత్తురు కారుతున్న చెయ్యి దుమ్ములో పారాడుతుంటే, చోద్యం చూస్తున్న టైలరూ గుమాస్తా నవ్వారు గానీ, ఒక్కరూ సంచి అందివ్వలేదు. చివరికి గోడ పట్టుకుని నెమ్మదిగా వెళ్లిపోయాడు.

సాయంత్రం అందరూ వెళ్లాక మేస్త్రీ హెడ్డు మీద స్టీలు స్కేలు ఆనించి, సన్నటి కొలత రేకు దూర్చి చూశాడు. మధ్యలో సులువుగా దూరిపోయింది. సిగ్గుకి బదులు ఒళ్లు మండింది మహానుభావుడికి. మర్నాడే మిషన్ షాపుకి పంపి చదును చేయించాడు. యజమాని వస్తే, నా వేళ్లకి తెలిసిపోయిందండీ అని గొప్పగా చెప్పుకున్నాడు.

వారం గడిచింది. పార్సిలు రాలేదు. యజమాని పూటకోసారి ఫోను చేస్తున్నాడు. నాన్నకి మాట పడిపోయిందనీ, చెవులు మాత్రం ఇంకా పనిచేస్తున్నాయనీ, ఎప్పుడు తెమ్మంటారనీ. ఆ గొంతు వింటుంటే మేస్త్రీకి మొదటిసారి భయం వేసింది.

వ్యాపారికి ఫోను చేసి దులిపేశాడు. అక్కడ మనిషి ప్రాణం మీదికొస్తే, ఒక్క రేకుముక్క పార్సిలు చెయ్యడానికి వారం కావాలా అన్నాడు.



"పార్సిలేంటి మేస్త్రీ? పాపం చూపు లేని మనిషి, హెడ్డుని వేళ్లతో తడిమి చూసుకుంటే గానీ ఆయన రాగిరేకు ముట్టుకోడు. అందుకే పోయిన సోమవారం పొద్దునకల్లా మీ ఊళ్లో దిగేలా నేనే బస్సెక్కించాను, మీ షెడ్డులోనే కూర్చుని కోస్తున్నాడని వాళ్లావిడకి రోజూ చెబుతున్నాను కూడా."