అవే బ్రేకులు

బ్రేకు డ్రమ్మును ఎండలోకి తిప్పి చూశాడు మేస్త్రి. అంచున రెండు చుక్కలున్నాయి. తను బిగించిన ప్రతి భాగం మీదా ఉక్కు మేకుతో రెండు చుక్కలు కొట్టడం అతని అలవాటు.

"ఇదే," అన్నాడు.

పాత సామాన్ల కొట్టువాడు ఎగాదిగా చూశాడు. అదే కంపెనీది, అదే సైజుది, నిగనిగలాడేది ఇంకొకటి పక్కనే ఉంది. అదీ ఒరిజినలేనని ఒట్టు కూడా పెట్టాడు. మేస్త్రికి ఆ ఒరిజినల్ అక్కర్లేదు. ఆ ట్రక్కుకు ఆ రోజు ఉన్నదే కావాలి. పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్లను కొట్టువాడు చాలామందిని చూశాడు గానీ, తుప్పు పట్టినదాన్ని గుండెలకు హత్తుకున్న మనిషిని చూడటం అదే మొదలు.

ఆ రోజంటే తొమ్మిదేళ్ల కిందటి మాట. మేస్త్రి తమ్ముడికి కొండ మీదికి సామాన్లు చేరవేసే పాత ఫోర్ వీల్ ట్రక్కు ఉండేది. తలుపుల్లేని మొండి బండి. దాని మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. సొంత అన్ననైనా స్టీరింగ్ ముట్టనిచ్చేవాడు కాదు. ముందురోజు సాయంత్రం ఆ బండి బ్రేకులు విప్పి బిగించింది మేస్త్రే. మర్నాడు కొండ దిగుతుంటే మలుపు దగ్గర బండి లోయలోకి పోయింది. అందులో ఉన్న తమ్ముడూ, అతని భార్యా చెరోవైపు ఎగిరిపడ్డారు. మరదలు బతికింది. తమ్ముడు బతకలేదు.

స్పృహ వచ్చాక ఆమె ఒక్కటే మాట చెప్పింది. బ్రేకు పడలేదని.

ఆ తర్వాత మేస్త్రి పానా పట్టలేదు. తమ్ముడికి ఈల వేసుకుంటూ బండెక్కే అలవాటుండేది. ఆ ఈల అతనికి ఇప్పటికీ వినిపిస్తుంది. గడ్డం గీసుకుంటుంటే వినిపిస్తుంది, భోజనానికి కూర్చుంటే వినిపిస్తుంది. ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అప్పటినుంచీ వాళ్లింట్లోనే ఉంటున్న మరదలు ఏమీ అనదు. తలవంచుకుని వడ్డిస్తుంది.

"మీ వల్లే పోయాడని అది ఒక్కనాడైనా అందా?" అంటుంది అతని భార్య. "దాని మొహం చూసైనా ఆ ఇనుప ముక్కల్ని వదిలెయ్యండి."

"అనకపోవడమే నన్ను తినేస్తోంది. నాలుగు తిట్టినా బాగుండేది," అంటాడు మేస్త్రి.

రెండేళ్ల కిందట ఆ బండి అస్థిపంజరం ఒక తుక్కు దొడ్లో కనిపించింది. ఇంటికి తెచ్చి షెడ్డులో పెట్టాడు. మిగతా భాగాలు తలోచోటికీ అమ్ముడుపోయాయి. రెండు చుక్కల కోసం ఊళ్లు పట్టుకు తిరిగాడు. ఎక్కడెక్కడి బండ్ల కిందో దూరి వెతికాడు. విడివిడిగా ఏ ముక్కా నోరు విప్పదని, అన్నీ ఒకచోట చేరితే తను ఎక్కడ తప్పు చేశాడో తెలిసిపోతుందని అతని నమ్మకం.

ఒక్కొక్క భాగం షెడ్డుకు చేరేకొద్దీ ఈల దగ్గరైంది. బ్యాటరీ లేని బండి హారన్ కొట్టిందని పక్కింటివాళ్లు కూడా అన్నారు. మేస్త్రి వాళ్లను వెక్కిరించలేదు. మరదలైతే షెడ్డు ఛాయలకే వెళ్లేది కాదు. బట్టలు ఆరేయాలన్నా ఇల్లంతా చుట్టుకుని అటునుంచి పోయేది. ఆ రోజు పెడల్ మెత్తగా దిగిపోయిందా, గట్టిగా ఉందా, నీతో ఏమైనా అన్నాడా అని మేస్త్రి ఒకసారి ఆమెను అడిగాడు. ఆమె మొహంలో నెత్తుటిచుక్క లేదు. గుర్తులేదంది. అడిగినందుకు మేస్త్రి సిగ్గుతో చచ్చిపోయాడు.

పెడల్ తొక్కితే బ్రేకు నూనెను తోసే మాస్టర్ సిలిండర్ దొరికింది. లోపల రబ్బరు కప్పు చిరగలేదు. పైపులు దొరికాయి. ఎక్కడా చీలిక లేదు. నట్ల మరలు చెడలేదు. ఇంకొకడైతే ఊపిరి పీల్చుకునేవాడు. మేస్త్రి సగమైపోయాడు. తప్పేదో తెలిస్తే మరదలి కాళ్లైనా పట్టుకోవచ్చు. తెలియని తప్పుకు ఏమని క్షమాపణ అడగాలి?

మిగిలిందల్లా ఆ డ్రమ్మే. అదీ వచ్చింది. వారం రోజుల్లో అన్నీ బిగించాడు. ఎండిపోయిన రబ్బర్ల బదులు తప్ప కొత్తది ఒక్కటీ వెయ్యలేదు. ముందుకూ వెనక్కూ మార్చుకునే సీటును సైతం, బండి అడుగు రేకు మీది తుప్పు గుర్తులు చూసుకుని, ఆ రోజు ఏ కన్నాల్లో ఉందో ఆ కన్నాల్లోనే బిగించాడు.

పొద్దున్నే బండిని ఇంటి ముందు వాలు దారి మీదికి తెచ్చి నిలిపాడు. భార్య వద్దు వద్దంటూనే గుమ్మంలో నిలబడింది. ఆమె వెనక మరదలు. మేస్త్రి ఎక్కి కూర్చున్నాడు. తమ్ముడంత ఎత్తు మనిషి. మోకాళ్లు స్టీరింగ్‌కు ఒరుసుకున్నాయి. అదేమీ పట్టించుకునే స్థితిలో లేడు. బండిని వాలుకు వదిలేశాడు. అది వేగం అందుకుంది. కళ్లు మూసుకుని బ్రేకు తొక్కాడు.

బండి మేకు కొట్టినట్టు ఆగిపోయింది.

మళ్లీ వెనక్కి తెచ్చి వదిలాడు. మళ్లీ ఆగింది. పదిసార్లు వదిలితే పదిసార్లూ ఆగింది. ఈల ఆగిపోయిందని అప్పుడు గమనించాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి చెవుల్లో ఏ చప్పుడూ లేదు. అతనికి ఈలకన్నా ఆ నిశ్శబ్దానికే భయం వేసింది.

"నా పనిలో తప్పు లేదు," అన్నాడు ఎవరికో చెబుతున్నట్టు. "మరి వాడికెందుకు పడలేదు? ఇంత మంచి బ్రేకు వాడికెందుకు పడలేదురా దేవుడా?"

రెండేళ్లుగా ఆ బండి వైపు చూడని మరదలు మెట్లు దిగి వచ్చింది. బండి పక్కన నిలబడి, ఇరుక్కుపోయిన అతని మోకాళ్ల వంక చూసింది.

"బ్రేకు మీద ఎవరూ కాలే వెయ్యలేదు బావగారూ, ఆ రోజు ఆ సీట్లో కూర్చుని బండి నడిపింది నేను."