పదకొండో ప్రయత్నం

“మళ్లీ వచ్చావా తల్లీ!” అన్నాడు కార్యదర్శి. గదిలో ఉన్న పదిమందీ ఘొల్లున నవ్వారు.

సొంతంగా వ్యాపారం పెట్టాలనుకునే విద్యార్థుల కోసం విశ్వవిద్యాలయంలో నడుస్తున్న సంఘం అది. ప్రతి గురువారం సాయంత్రం కూడుతుంది. అక్కడ తన ప్లాను నెగ్గించుకోవడానికి రెండో సంవత్సరం చదివే ఈ అమ్మాయికి ఇది పదకొండో ప్రయత్నం.

“నీ ప్లాను నాకే కంఠతా వచ్చేసిందే,” అంది అధ్యక్షురాలు. “ఈసారైనా గట్టెక్కు!”

హాస్టళ్లలో తెగిన బ్యాగులూ చెప్పులూ సేకరించి, కుట్టించి, మర్నాటికల్లా గదికి తెచ్చివ్వడం ఆమె ఆలోచన. మంచిదే. కానీ ఒకసారి ఫైలు మర్చిపోయి వచ్చింది, ఇంకోసారి సగంలో మాట తడబడింది. అంత కష్టపడే పిల్లకి అదేం దురదృష్టమో! నెగ్గినవాళ్లని వ్యాపారం మొదలుపెట్టమని ఊరి అవతల సొంత గదిచ్చి పంపేస్తారు. ఆ తర్వాత పని ఒత్తిడిలో పడి వాళ్లెవరూ మళ్లీ సంఘం ముఖం చూడరు.

ఈసారి ఆమె గడగడా చెప్పేసింది. పదిసార్లు వీళ్లే దిద్దిన ప్లాను కదా, వంక పెట్టడానికేం లేదు.

“పంపేద్దామా?” అన్నాడు కార్యదర్శి. ఒకటి, రెండు, అయిదు చేతులు లేచాయి. ఆమె ఆ చేతులే లెక్కపెడుతూ నిలబడింది.

“ఒక్క ప్రశ్న,” అంది అధ్యక్షురాలు. “కుట్టేవాళ్లు ఎంతమంది?”

“ఒక్కరే అక్కా.”

“ఆయన మంచాన పడితే?”

అమ్మాయి కాగితాలు అటూ ఇటూ తిరగేసింది.

“చెప్పు, తొందరేం లేదు.”

“అది... ఆలోచించలేదక్కా.”

లేచిన చేతులు దిగిపోయాయి.

“అయ్యో పిచ్చిదానా! ఇంత చేసి అక్కడ బోల్తా పడ్డావా?” అంది అధ్యక్షురాలు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి అందరూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. ఒకరు టీ తెచ్చారు. ఇంకొకరు ఆమె కాగితం వెనకే బొమ్మలు గీసి, ఏం చేయాలో ఓపిగ్గా వివరించారు. జోకులేసి నవ్వించారు. గంటన్నర ఇట్టే గడిచిపోయింది.

“దిగులుపడకు,” అన్నాడు కార్యదర్శి తలుపుకి తాళం వేస్తూ. “వచ్చే గురువారం నిన్ను పంపే పూచీ నాది.”

“సరేనన్నా.”

ఆమె హాస్టల్ గదికి చేరింది. రెండో మంచం మీద పరుపు కూడా లేదు. అక్కడుండే అమ్మాయి చదువు మానేసి వెళ్లి ఆర్నెల్లయింది. శుక్రవారం నుంచి బుధవారం దాకా “కొంచెం జరగండి” అనడానికి తప్ప నోరు విప్పే పనే ఉండదు. బెంగగా అనిపించింది. కాగితాలు ముందేసుకుని కూర్చుంది.

వచ్చే గురువారం ఏ తప్పు చేయాలా అని ఆలోచించసాగింది.