పడుకున్న సిగ్నల్

"మూడేళ్ళ పిల్లకి ఒక్కసారి చెబితే వచ్చే విద్య ఇది. దీనికి లక్షల ఫోటోలు మేపాలి," అన్నాడు జడ్జిగారు, కారు అద్దానికి బిగించిన కెమెరా వంక ఎగాదిగా చూస్తూ.

ఆయన నిజం జడ్జి కాదు. బండి కెమెరాలకి సిగ్నళ్ళు గుర్తుపట్టడం నేర్పే కంపెనీలో సూపర్‌వైజరు. రోడ్ల మీద తీసిన ఫోటోలు చూసి, ఇది ఎరుపు, ఇది పచ్చ అని అక్కడి సిబ్బంది గుర్తులు పెడతారు. ఆ గుర్తుల్ని బట్టే కెమెరా నేర్చుకుంటుంది. ఎండ కొట్టి, వాన మసక కమ్మి ఎవరికీ తేలని ఫోటోలు ఈయన బల్ల దగ్గరికి వస్తాయి. ఈయన చెప్పిందే తీర్పు. అందుకే ఆ పేరు.

తీర్పు చెప్పడానికి ఆయనకి రెప్పపాటు చాలు. ఫోటో పెద్దది చేసి చూడడం ఇంటావంటా లేదు. "పై దీపం వెలిగి చస్తుంటే ఇంకా సందేహమేంటి? కళ్ళా, గోళీలా అవి?" అని అడిగినవాళ్ళ మొహం మీదే అనేవాడు.

స్టీరింగు ముందు కూర్చున్నది ఆయన మేనకోడలు. ఈమధ్యే కంపెనీలో చేరింది. మేనమామ సిఫార్సు లేకుండా చేరింది, అదే ఆయనకి మంట. "ఆఫీసులో మావయ్యా లేదు గీవయ్యా లేదు, సార్ అను," అని మొదటిరోజే చెప్పేశాడు.

చేరిన కొత్తలోనే ఆ పిల్ల కొన్ని ఫోటోలు పట్టుకొచ్చింది. వాటిలో సిగ్నల్ దీపాలు ఒకదాని కింద ఒకటి కాకుండా అడ్డంగా, పక్కపక్కన ఉన్నాయి. ఇలాంటివి కూడా కెమెరాకి నేర్పాలి కదా అంది.

"సిగ్నల్ ఎక్కడైనా పడుకుంటుందా? నిద్రొచ్చిందా దానికి?" అన్నాడు జడ్జిగారు. గదంతా నవ్వింది. ఆ ఫోటోలన్నీ చెత్తలోకి పోయాయి. అలాంటివి మళ్ళీ తన బల్ల దగ్గరికి తేవద్దని హుకుం కూడా జారీ అయింది.

ఇవాళ కెమెరాకి పరీక్ష. కారు తనంతట తనే వెళ్తుంది. సిగ్నల్ వచ్చినప్పుడల్లా కెమెరా చూసి, రంగు పైకి చెబుతుంది. పొరపాటు జరిగితే ఆపడానికి మేనకోడలు బ్రేకు దగ్గర కాలు పెట్టుకుని కూర్చోవాలి. ఆఫీసు నుంచి యజమాని ఫోనులో వింటున్నాడు.

ఆ సీట్లో జడ్జిగారే కూర్చోవచ్చు కదా అంటే, ఆయనకి బండి నడపడం రాదు. అది డ్రైవర్లు చేసే పని అంటాడు. తను చేయని పనులన్నీ ఆయన లెక్కలో తక్కువ పనులే. కూరగాయలు ఏరడమూ అంతే. ఒకసారి భార్య పండిన టమాటాలు తెమ్మంటే, సంచీ నిండా కాయలు తెచ్చాడు. పైగా పండినవైతే కుళ్ళిపోతాయని ఆవిడకే పాఠం చెప్పాడు.

ఊళ్ళో సిగ్నళ్ళన్నీ కెమెరా తడబడకుండా చెప్పింది. తడబడింది మేనకోడలే. మలుపులో ఒకసారి ఊరికే బ్రేకు నొక్కి, ఎండ కళ్ళలో పడింది సార్ అంది.

"ఆడలేక మద్దెల ఓడందట," అన్నాడు జడ్జిగారు.

ఆ తర్వాత ఫ్లైఓవర్ కింద కూడలి వచ్చింది. అక్కడ పైకప్పు ఎత్తు తక్కువ. సిగ్నల్‌ని అడ్డంగా వేలాడదీశారు.

"పచ్చ. వెళ్తున్నాను," అంది కెమెరా.

మేనకోడలు బ్రేకు తొక్కేసింది. జడ్జిగారు ముందుకి తూలి, బెల్టు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"సార్, అక్కడ..."

"నోర్ముయ్. నీ కళ్ళనెవరూ అడగలేదు." ఆయన ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. "మా పిరికిపిల్ల మళ్ళీ ఆపిందండీ."

యజమాని విసుక్కున్నాడు. కెమెరా పచ్చ అంటోంది, అమ్మాయి ఆపింది, ఎవరో ఒకరిది తప్పు. కెమెరాది తప్పైతే పరీక్ష ఇక్కడితో ఆపేద్దాం. అమ్మాయిది తప్పైతే కాలు తీసి బండిని పోనివ్వమనండి, రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదనీ చెప్పండి.

"చూసి చెప్పండి జడ్జిగారూ. మీ మాటే ఫైనల్," అన్నాడు.

"చూడ్డానికేముందండీ," అని నవ్వుతూ జడ్జిగారు తలెత్తాడు.

మూడు దీపాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి వెలుగుతోంది. ముందు బండి లేదు, పక్కన బండి లేదు. అడ్డంగా వచ్చే రోడ్డు స్తంభాల చాటున ఉంది, అటునుంచి ఏం వస్తోందో కనపడదు. ఏదో పెద్ద బండి చప్పుడు మాత్రం దగ్గరవుతోంది.

జడ్జిగారి మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది.

"జడ్జిగారూ, లైన్లో ఉన్నారా?"

మేనకోడలు బ్రేకు మీద కాలు తీయలేదు. కళ్ళనిండా నీళ్ళున్నాయి. నోర్ముయ్యమన్నాడు కాబట్టి మూసుకునే ఉంది.

జడ్జిగారు ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి, ఆ పిల్ల చెవి దగ్గరికి వంగాడు.

"నువ్వే చెప్పాలమ్మా, బుద్ధెరిగినప్పట్నుంచీ ఎరుపూ పచ్చా నాకు ఒక్కలాగే కనిపిస్తాయి."