మెట్ల మీద అడుగులు

సినిమా మొదలై అరగంటైనా పక్క సీట్లోని పెద్దావిడ కళ్ళు తెరవలేదు.

మ్యాట్నీ ఆట. హాల్లో పట్టుమని ఇరవై మంది లేరు. ఇన్ని ఖాళీ సీట్లుండగా తన పక్కనే కూర్చుని కునుకు తీయాలా అని సమీక్షకుడు విసుక్కున్నాడు.

మర్నాటి పత్రికకి అతను ఈ సినిమా గురించి రాయాలి.

తెర మీద పాత ఇల్లు. చెక్క మెట్లు. తెల్లవారింది. కొడుకుని నిద్రలేపడానికి తల్లి మేడ మీదికి వస్తోంది. సంగీతం లేదు, మాటల్లేవు. అడుగుల చప్పుడొక్కటే.

ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. నాలుగో మెట్టు దగ్గర క్షణం ఆగి, మళ్ళీ గట్టిగా, మళ్ళీ మెత్తగా.

అతని చేతిలో పెన్ను ఆగిపోయింది.

మోకాలి నొప్పితో అమ్మ అచ్చం ఇలాగే ఎక్కేది. ఆమె పోయి రెండేళ్ళు. ఆ రోజు అతని కంట్లోంచి చుక్క రాలలేదు. "రాయివిరా నువ్వు" అంది అక్క. అప్పట్నుంచి అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు తగ్గిపోయాయి.

ఇప్పుడు హాలు లేదు, తెర లేదు. అతను దుప్పటి ముసుగులో ఉన్నాడు. అమ్మ వచ్చేస్తోంది. ఇంకో రెండు మెట్లు. తలుపు తీస్తుంది. దుప్పటి లాగుతుంది...

వెక్కి వెక్కి ఏడ్చాడు.

"బాబూ," పక్కనుంచి మెల్లగా వినబడింది. "ఆ నడక వింటే ఎవరైనా గుర్తొచ్చారా?"

సిగ్గుతో అతనికి ఒళ్ళు మండింది.

"నిద్రపోయేవాళ్ళకి నడకల సంగతెందుకండీ? పడుకోవాలంటే ఇంట్లోనే పడుకోవచ్చుగా!"

"నిజమే నాయనా" అని నవ్వి, ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకుంది.

మర్నాడు వ్యాసం అచ్చయింది. 'ఆ నటి పాదాలకి దండం పెట్టాలనుంది' అని రాశాడు. అది చదివి అక్క ఫోన్ చేసింది. ఇద్దరూ గంటసేపు అమ్మ గురించే మాట్లాడుకున్నారు.

రెండు నెలలకి ఆ నటిని కలిసే వీలు దొరికింది.

"మా అమ్మని తిరిగి తెచ్చిచ్చారు మేడమ్" అన్నాడు చేతులు జోడించి.

నటి ఇబ్బందిగా కదిలింది.

"ఆ దండం నాది కాదండీ. మెట్లెక్కింది నేనే, చప్పుడు మాత్రం నాది కాదు. షూటింగ్ రోజు జనరేటర్ మోతలో నా అడుగులు వినపడనే లేదు. తర్వాత స్టూడియోలో ఒక పెద్దావిడ నన్ను తెర మీద చూసుకుంటూ చెక్క పలక మీద నడిచారు. ముప్పై ఏళ్ళుగా అదే ఆవిడ పని. ఎందరు హీరోయిన్లకి అడుగులిచ్చారో!"

"ఎక్కడుంటారు? ఇప్పుడే వెళ్తాను."

"పోయిన వారమే పోయారండీ."

కిటికీ అవతల వసారాలో ఎవరో నడిచి వెళ్తున్నారు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా అతను చెవొగ్గి విన్నాడు.

"ఆఖరుసారి హాలుకెళ్ళింది మన సినిమాకే," అంది నటి. "ఇంటికి రాగానే నాకు ఫోన్ చేసి ఎంత సంబరపడిపోయారో... 'నా పక్క సీట్లో అబ్బాయి ఆ మెట్ల దగ్గర వెక్కి వెక్కి ఏడ్చాడమ్మా' అని!"