టింక్చర్ వద్దన్నవాడు

ఇనుప తాడు జారి హల్వార్ అరచెయ్యి చీరుకుపోయింది.

పడవ కెప్టెన్ ఐనార్ టింక్చర్ సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"మూత తియ్యొద్దు!" రాన్‌డి అడ్డం వచ్చింది. "అందులో ఉన్నది అయోడిన్. సముద్రపు నీళ్లలో నేను కొలిచేదీ అదే. ఒక్క చుక్క చిందినా నా కష్టమంతా మట్టికొట్టుకుపోతుంది."

"మరి ముసలాయన చెయ్యో?"

"వదిలెయ్ ఐనార్, చిన్న గీత," అంటూ హల్వార్ గుడ్డ చుట్టుకుని చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాడు.

రాన్‌డి ఊపిరి పీల్చుకుంది. పరిశోధన పట్టా చేతికి రావాలంటే ఈ సముద్రపు నీళ్లు తప్ప ఆమెకు దిక్కులేదు. మరోసారి పడవ ఇచ్చేవాళ్లు లేరు. ఈ ముసలాయన ఆలెసుండ్ రేవులో ఎవరూ పిలవకుండానే వచ్చి ఎక్కాడు. తాడు పట్టడానికి మనిషి దొరికాడు కదా అని ఊరుకుంది.

మర్నాటి నుంచి ఆయన ఒంటిచేత్తోనే సీసాలు దించాడు. పై నీళ్లు, నడిమి నీళ్లు, అడుగు నీళ్లు విడివిడిగా పైకొచ్చాయి. రాన్‌డి గదిలో కూర్చుని కొలుస్తుంటే గుమ్మంలో నిలబడేవాడు.

"పైనా కిందా అయోడిన్ ఒకే తీరుగా ఉందా అమ్మాయీ, వేరా?"

"తెలుసుకుని ఏం చేస్తావు తాతా? బంగాళాదుంపలతో నంజుకుంటావా?"

ఆయన నవ్వాడు. మళ్లీ అడగలేదు.

లెక్క తేలేసరికి రాన్‌డికి కాలు నిలవలేదు. అడుగు నీళ్లలో ఉన్నదంతా దాదాపు అయోడిన్‌కి ఒక రూపమైన అయోడేటే. పైకొచ్చేకొద్దీ అది తగ్గి, రెండో రూపమైన అయోడైడ్ పెరిగింది. ఎవరితోనైనా చెప్పుకోవాలని బయటికి పరుగెత్తింది.

హల్వార్ పడుకుని ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది. చెయ్యి మోచేతి దాకా వాచి నల్లబడింది.

అది అయోడిన్ కబుర్లు చెప్పే వేళ కాదనుకుంది.

పడవ తిప్పి రేవు చేరారు. నెత్తురు విషమైందన్నారు డాక్టర్లు. ఆయన బతకలేదు.

ఆసుపత్రి వరండాలో ఆయన అక్క ఒక్కతే కూర్చుని ఉంది. రాన్‌డి ఆమె పక్కన కూలబడి ఏడ్చింది.

"టింక్చర్ వద్దన్నది నేనే, అమ్మా."

"నువ్వు రాస్తానన్నా వాడు రాయించుకోడు తల్లీ. వయసులో ఉండగా వాడూ ఈ నీళ్లే కొలిచాడు. పైన ఒక రూపం, కింద ఇంకో రూపం అన్నాడు. టింక్చర్ చిందిన నీళ్లు కొలిచావని అందరూ నవ్వితే, తలెత్తుకోలేక కొలువు మానేశాడు."

ముసలావిడ కళ్లు తుడుచుకుంది.

"తన మాట నిజమో కాదో తెలుసుకుని పోదామనే నీ పడవెక్కాడు. చెప్పావా మరి వాడికి?"