ఎక్కడ ఆగుతోంది?

“అదిగో, మళ్లీ ఆగిపోనాది!” శివాజీ స్టీరింగ్ వదిలేసి బల్ల మీద చరిచాడు.

తెర మీద బస్సు ఘాట్ రోడ్డు దాటి లోయలో బోర్లా పడి ఉంది.

త్రినాథ్‌కు ఒళ్లు మండింది. పాతపట్నంలో కంప్యూటర్ షాపు తెరిచిన నాటినుంచి ఇన్ని మాటలు ఎవరిచేతా పడలేదు. బయటివాడైతే డబ్బా చేతిలో పెట్టి దండం పెట్టేసేవాడే. ఈయన అక్క మొగుడైపోయాడు.

శివాజీ స్కూలు వ్యాన్ తోలతాడు. కాలవ గట్టు పొడుగునా ఉన్న ఊళ్ల పిల్లల్ని తెచ్చి, దింపి వస్తాడు. రేపు ఒక కాలేజీ బస్సుకి డ్రైవింగ్ ట్రయల్ ఉంది. అందులో నెగ్గితే వేసవి సెలవుల్లో జీతం లేకుండా ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోనక్కర్లేదు. పెద్ద బండి మలుపులు అలవాటవుతాయని ఈ బస్సు గేమ్ పట్టుకున్నాడు. పాత కంప్యూటరు, దానికి తగిలించే స్టీరింగు త్రినాథే కుదిర్చాడు. పాపం మూటగట్టుకున్నాడు.

ఏం చేయలేదు గనక! ముందు గ్రాఫిక్స్ కార్డును అనుమానించాడు. దాని మీద సగం భారం కూడా లేదు. ప్రాసెసర్ వేడెక్కుతోందేమోనని ఫ్యాన్ విప్పి, దుమ్ము దులిపి, వేడి లాగేసే పేస్టు కొత్తగా రాశాడు. ర్యామ్ పెంచాడు. పాత హార్డ్ డిస్క్ పీకేసి ఎస్‌ఎస్‌డీ వేశాడు. తీసుకెళ్లినప్పుడల్లా శివాజీ మర్నాడే మొహం మాడ్చుకుని వచ్చేవాడు.

“ఒక్క రవ్వ సేపేరా. రోడ్డు అలా నిలబడిపోతాది. మళ్లీ కదిలేసరికి బస్సు ఇంకెక్కడో ఉంటాది.”

అక్క ఈశ్వరి కూడా ఫోన్ చేసి తన వంతు వడ్డించింది.

“మంచి గేమే అంటగట్టీసావు. మీ బావ పిలిస్తే పలకడు. అన్నం కలపతా కలపతా ఎటో సూస్తా ఉండిపోతన్నాడు. ఆ ట్రయల్ అయిపోనీ, ఆ డబ్బాని వంశధారలో పారీస్తాను.”

అందుకే ఇవాళ త్రినాథ్ షాపులో అన్నిటికన్నా గట్టి కంప్యూటర్ మీద గేమ్ ఎక్కించాడు. తెర మీద ఓ మూల గ్రాఫ్ పెట్టాడు. ఆట తడబడితే ఆ గీత ముల్లులా పైకి లేవాలి. గీత తిన్నగా ఉంది. బస్సు మాత్రం లోయలో ఉంది.

“బావా, ఏటీ ఆగలేదు. నాను తెరనే సూస్తన్నాను.”

“అయితే నాను అబద్ధాలాడతన్నానేటి?”

“మలుపులో నువ్వు స్టీరింగ్ తిప్పలేదు. అదీ సంగతి.”

“నాకు బండి తోలడం నేర్పుతావేట్రా! రేపు గానీ ఆ ట్రయల్ పోతే...”

మాట అక్కడే నిలిచిపోయింది. త్రినాథ్ మిగతా తిట్టు కోసం ఎదురుచూశాడు. కోపంతో బావకు గొంతు పూడుకుపోయిందనుకుని తనే తల దించుకున్నాడు.

“బడి వదిలే టైమైపోనాది,” అంటూ శివాజీ తాళాలు తీసుకుని విసురుగా వెళ్లిపోయాడు.

వ్యాన్ కదిలిపోయాక త్రినాథ్‌కు మనసు చివుక్కుమంది. బావ మంచి డ్రైవరు. వ్యాన్ మీద ఇంతవరకూ ఒక్క గీత పడలేదు. ట్రయల్ ముందు రోజు అంత మాట అనకుండా ఉండాల్సింది.

ప్రింట్ల కోసం వచ్చినవాళ్లను పంపేసి, గోడ మీది కెమెరా రికార్డింగ్ వెనక్కి తిప్పాడు. అందులో కంప్యూటర్ తెరా కనిపిస్తుంది, కూర్చున్న మనిషీ కనిపిస్తాడు. తెర మీదే చూపు పెట్టి మొదటినుంచి చివరిదాకా చూశాడు. బస్సు ఎక్కడా ఆగలేదు.

బావకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. బండిలో పిల్లలుంటే ఆయన ఫోన్ ముట్టడు, అంత జాగ్రత్త మనిషి. ఈపాటికి కాలవ గట్టు మీద ఉండి ఉంటాడు.

సాయంత్రం చూపించి ఏడిపిద్దామని, బావ స్టీరింగ్ ఎక్కడ తిప్పలేదో పట్టుకోవడానికి రికార్డింగ్ మళ్లీ పెట్టాడు. ఈసారి తెరను వదిలేసి మనిషిని చూశాడు.

మలుపు వచ్చింది, బస్సు తడబాటు లేకుండా లోయలోకి సాగిపోతోంది, స్టీరింగ్ పట్టుకున్న బావ మాత్రం కళ్లు తెరుచుకునే, రెప్ప వాల్చకుండా, పెదవి ఒక్కటే సన్నగా అదురుతుండగా, ఉన్నవాడు ఉన్నట్టే ఆగిపోయి ఉన్నాడు.